గ్రేసీ సెల్లులో రెండో నంబరు

నవ్వకండి. ముందే చెప్తున్నాను, నవ్వితే మధ్యలో ఆపేస్తాను. బెల్లుకి ఇంకా ఇరవై నిమిషాలుంది, టీ తాగుతూ వినండి.

మొన్న బుధవారం సాయంత్రం మా ఏలూరులో ముప్పై ఆరు ఇళ్ళల్లో నా కోసం మోకాళ్ళేసి ప్రార్థన చేశారు. ముప్పై ఆరు ఇళ్ళండీ! నాకేం జబ్బు లేదు. ఆపరేషన్ లేదు. లారీ కింద పడలేదు. శుభ్రంగా ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటున్నాను. పైగా ఆ ముప్పై ఆరో ఇల్లు మాదే. అంటే ఎవరి కోసమో తెలీకుండా నా కోసం నేనే మోకాళ్ళేశాను! ఇంతకీ ఇదంతా దేనివల్ల? ఎనిమిదేళ్ళ పిల్లకి సెల్లు కొన్న పాపానికి!

కొనకుండా ఏం చెయ్యమంటారు? మీకేం, అందరూ ఇక్కడే గూడెంలోనే ఉంటారు. నాలుగున్నరకి బెల్లు కొడితే అయిదింటికల్లా ఇంట్లో కాళ్ళు చాపుకుంటారు. నేను రోజూ ఏలూరు పక్కన వట్లూరు నుంచి రైల్లో వచ్చి పోవాలి. మా ఆయనది చేపల చెరువులకి మేత అమ్మే కంపెనీలో ఉద్యోగం. పొద్దున్నే బండి తీసుకుని కొల్లేరు లంకల్లోకి వెళ్ళారంటే ఏ గట్టు మీదుంటారో, ఏ పడవలో ఉంటారో ఎవరికీ తెలీదు. ఫోన్ చేస్తే ఒకటే మాట, కవరేజి ఏరియాలో లేరని.

ఆ మధ్య వానల్లో ఒకరోజు నేనెక్కిన పాసింజరుని పూళ్ళ స్టేషన్లో ఆపేశారు. ఎక్స్‌ప్రెస్సుకి దారిస్తున్నామన్నారు. అది పోయింది. ఇంకోటి వస్తోందన్నారు. అదీ పోయింది. ఆఖరికి గూడ్సు కూడా పోయిందండీ, బొగ్గేసుకుని మా కళ్ళముందే దర్జాగా! మనుషుల కంటే బొగ్గుకి తొందరా? గార్డుని అడిగితే, "నన్నేం చెయ్యమంటారమ్మా" అన్నాడు. ఏం చెయ్యమంటానేంటి, బండి కదపమంటాను!

మా గ్రేసీ రోజూ నాలుగింటికి స్కూలు ఆటో దిగి, కింద వాటాలో మెహరున్నీసా గారింట్లో ఉంటుంది. ఆవిడ బట్టలు కుడతారు, బంగారం లాంటి మనిషి. సరిగ్గా ఆ రోజే వాళ్ళ బంధువులెవరో పోయారని కబురొస్తే, పాపం హడావుడిగా వెళ్ళారట. నేను ఏడున్నరకి ఇంటికి చేరేసరికి పిల్ల మెట్ల మీద ఒక్కత్తీ కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి వెక్కిళ్ళు పెడుతోంది. నన్ను చూసి ఏమందో తెలుసా? "మమ్మీ, నువ్వు చచ్చిపోయావనుకున్నాను" అంది. నా గుండె చెరువైపోయింది.

ఆ పూటే మా ఆయనతో చెప్పేశాను, పిల్లకి సెల్లు కొంటున్నాను అని.

"మూడో క్లాసు పిల్లకి సెల్లేంటి సుగుణా, నలుగురూ నవ్వుతారు."

"నవ్వితే నవ్వనివ్వండి! ఆ నలుగురూ వచ్చి మెట్ల మీద కూర్చుంటారా పిల్లకి తోడుగా?"

"సరేలే" అన్నారు.

శనివారం ఒంటిపూట బడి అయ్యాక ఏలూరు పాతబస్టాండు దగ్గర సెల్లుల షాపుకెళ్ళాను. కౌంటర్లో ఒకమ్మాయి ఉంది. కళ్ళు కంప్యూటర్లోనే అతికించుకుని, "ఎవరి పేరు మీదండి కనెక్షను?" అంది.

"మా అమ్మాయి పేరు మీద" అన్నాను.

ఫారం ఇచ్చింది. టీచర్లం కదా, ఫారం కనపడితే చెయ్యి ఊరుకోదు. అన్ని గళ్ళూ పెద్దక్షరాలతో ముత్యాల్లాగా నింపాను. ఆక్యుపేషన్ అన్నచోట థర్డ్ క్లాస్ అని రాశాను. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లతో పిల్ల ఫొటో అతికించాను. బర్త్ సర్టిఫికెట్టు, స్టడీ సర్టిఫికెట్టు, వాటి మీద ఆకుపచ్చ ఇంకుతో గెజిటెడ్ సంతకాలు. ఆ సంతకాల కోసం రెండ్రోజులు తిరిగాను. ఆ పిల్ల వాటి వంక చూస్తేగా! ప్లాన్లు అప్పజెప్పడం మొదలుపెట్టింది.

"రాత్రి పదకొండు నుంచి పొద్దున ఆరింటిదాకా ఎంతసేపు మాట్లాడుకున్నా ఫ్రీ అండి. మెసేజీలు కూడా ఫ్రీ అండి. ఈ వయసు వాళ్ళందరూ ఇదే తీసుకుంటున్నారండి మేడమ్."

"ఏ వయసు వాళ్ళమ్మా?"

"మీ అమ్మాయిగారి వయసు వాళ్ళేనండి. లవర్స్ ప్యాక్ అంటారండి దీన్ని."

"మా అమ్మాయికి ఇంకా పాలపళ్ళే పూర్తిగా ఊడలేదమ్మా!"

నేను అరవలేదండీ. చెప్పాను, అంతే. షాపులో ఉన్న వాళ్ళందరూ గిరుక్కున తిరిగి చూశారంటే, అది షాపు చిన్నదవడం వల్ల.

అప్పుడు తలెత్తింది మహాతల్లి. ఫారం చూసింది, రిబ్బన్ల ఫొటో చూసింది. "మైనరాండీ? మైనర్ల పేరు మీద ఇవ్వరండి" అంది తాపీగా. ఆ ముక్క ముందు చెప్పొచ్చు కదా! పావుగంట నుంచీ నేను ముత్యాలు పేరుస్తుంటే చూస్తూ కూర్చుంది.

"మరి బయట బోర్డు మీద అందరికీ సెల్లు అని రాశారేం?"

"అందరికీ అంటే అందరికీ కాదండి."

వినండి ఆ తెలుగు! నేను గనక దానికి పరీక్ష పేపరు దిద్దితే ఏం చేసేదాన్నో మీకు తెలుసు.

మళ్ళీ నా పేరు మీద ఇంకో ఫారం. నా ఫొటో లేదు. ఎదురుగా ఉన్న స్టూడియోకి పరిగెత్తాను. అక్కడాయన "కొంచెం నవ్వండి మేడమ్" అని మూడుసార్లు అడిగాడు. నాలుగోసారి అడగలేదు. ఆ ఫొటో మీకు చూపించను.

తిరిగొచ్చాక ఆ పిల్ల అప్పుడు చెప్పింది అసలు సంగతి. "చిన్నపిల్లల కోసమైతే ఒకటుందండి. రెండు నంబర్లకే కాల్ వెళ్ళేటట్టు లాక్ చేసి ఇస్తామండి. ఒకటి నొక్కితే ఒకళ్ళు, రెండు నొక్కితే ఒకళ్ళు. మూడో నంబరు ఎంత నొక్కినా పోదండి. బయటి నుంచి కాల్స్ మాత్రం వస్తాయండి, లైఫ్‌టైమ్."

నాక్కావలసింది అదే! గంట నుంచీ నేను మొత్తుకుంటోంది దాని గురించే! సరే, మొదటి నంబరు నాది. రెండోది మా ఆయనదిద్దామని ఆ పిల్ల డయల్ చేసి చూసింది. స్పీకర్లో షాపంతా వినపడింది, కవరేజి ఏరియాలో లేరట. మెహరున్నీసా గారికి ఫోనే లేదు. మరెవరు? ఎప్పుడు చేసినా ఇంట్లో ఉండాలి, మొదటి రింగుకే ఎత్తాలి, పిల్ల ఏడిస్తే ఊరడించాలి. ఇంకెవరండీ, మా కరుణమ్మగారే! నా తెలివికి నేనే మురిసిపోయి ఆవిడ నంబరు ఇచ్చేశాను.

కరుణమ్మగారంటే మీకు తెలీదు కదూ. రిటైరైన నర్సు. పవర్‌పేటలో ఉంటారు. మా చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఆవిడ మంచం పక్కన ఫోను, ఫోను పక్కన బైబిలు, బైబిలు పక్కన నోటుబుక్కు. ఎందుకంటే మా ప్రార్థన గొలుసు ఆవిడ దగ్గరే మొదలవుతుంది.

గొలుసంటే ఏం లేదండీ. ఎవరికైనా కష్టమొస్తే కరుణమ్మగారికి ఫోన్ చేస్తారు. ఆవిడ రాసుకుని, ప్రార్థన చేసి, లిస్టులో తర్వాతి ఇంటికి చెప్తారు. వాళ్ళు చేసుకుని ఆ తర్వాతి ఇంటికి. అలా గంటా గంటన్నరలో ముప్పై ఆరు ఇళ్ళు తిరిగొస్తుంది. నేను బళ్ళో ఉన్నప్పుడు సెల్లు ఆపేస్తాను కాబట్టి నన్ను చివర పెట్టారు. దానికి కట్టుబాట్లున్నాయి. విన్నది విన్నట్టే చెప్పాలి. ఎక్కువ చెయ్యకూడదు, తక్కువ చెయ్యకూడదు, కూపీ లాగకూడదు. ఇంటిగుట్టు విషయమైతే కరుణమ్మగారు పేరు చెప్పరు, ఒక సహోదరి అంటారు, ఒక సహోదరుడు అంటారు. ప్రాణం పోయినా బయటపెట్టరు. నర్సు కదా, ఎన్ని గుట్లు చూసిందో ఆ తల్లి!

ఇంటికెళ్ళి గ్రేసీని కూర్చోబెట్టి పదిసార్లు వల్లె వేయించాను. "భయమేస్తే ఏం నొక్కాలి?" "ఒకటి." "ఒకటి ఎవరు?" "నువ్వు." "నేను ఎత్తకపోతే?" "రెండు. కరుణమ్మ అమ్మమ్మగారు." "స్కూల్లో?" "సైలెంట్‌లో పెట్టి సంచీ అడుగున పెట్టాలి." ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. శభాష్ అన్నాను. నన్ను నేను కూడా అనుకున్నాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే నా బాధేంటో మీకర్థం కాదు. ఏటా మా సంఘంలో స్త్రీల ఆదివారం చేస్తారు. ఆ రోజు పాస్టరు అయ్యగారు కూర్చుంటారు, ఆడవాళ్ళలో ఒకరు వాక్యం చెప్తారు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ రోజు చాపలు పరిచేది నేను, పూలు కట్టేది నేను, అందరికీ టీ పెట్టేది నేను. ఒక్కసారీ మైకు దగ్గరికి పిలవలేదండీ! ఎందుకని కనుక్కుంటే ఎవరో అన్నారట, సుగుణమ్మకి కాస్త నోరెక్కువ అని. నాకు! నోరెక్కువట! మా అమ్మ, నా పుట్టింటి ఊళ్ళో గుడి పీఠం మీద నిలబడి వాక్యం చెప్తే జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఒక్కసారి నేనూ అలా నిలబడాలని ఎంత కోరికో నాకు, దాచుకోవడం దేనికి?

ఈ ఏడు పిలిచారు. అయ్యగారు స్వయంగా ఇంటికొచ్చి చెప్పారు. "టీచరమ్మగారూ, ఈసారి మీరే చెప్పాలి. అంశం దీర్ఘశాంతం" అన్నారు. నా ఓర్పుకి పరీక్ష పెడుతున్నారని నాకు తెలుసు. చూపిద్దాం అనుకున్నాను. అయిదు పేజీలు రాసుకున్నాను. బట్టీ పట్టాను. బుధవారం నాటికి ఆ ఆదివారం ఇంకా నాలుగు రోజులే ఉంది.

బుధవారం, మీకు గుర్తుంటుంది. నాలుగుంపావుకి సెల్లు ఆన్ చేసి పిల్లకి ఫోన్ చేశాను, ఇంటికి చేరిందా లేదా అని. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. పదకొండుసార్లు చేశాను! కరుణమ్మగారికి చేస్తే, "నాకు చెయ్యలేదమ్మా పిల్ల. కంగారుపడకు. గొలుసులో పెట్టమంటావా?" అన్నారు. వద్దండీ వద్దండీ అన్నాను. సరోజగారూ, మీరే కదా నా లాస్ట్ పీరియడ్ తీసుకున్నారు? హెడ్మాస్టరుగారికి చెప్పానో లేదో కూడా గుర్తులేదు. స్టేషన్‌కి పరిగెత్తితే బండి లేదు. బస్టాండుకొచ్చి బస్సెక్కాను, నిలబడే వెళ్ళాను ఏలూరుదాకా. దారిలో ప్రతి లారీనీ చూస్తున్నాను, ప్రతి కాలవనీ చూస్తున్నాను. ఆటో తిరగబడిందేమో, పిల్లని ఎవరన్నా ఎత్తుకుపోయారేమో.

ఆరింటికి ఇంటికి చేరాను. మెహరున్నీసా గారి వాకిట్లోంచి టకటకమని చప్పుడు. తొంగి చూస్తే మా రాణీగారు ఆవిడ కూతురితో క్యారమ్స్ ఆడుతున్నారు! "మమ్మీ, ఉండు, రెడ్డు వేస్తున్నాను" అంది నన్ను చూసి.

సెల్లెక్కడే అంటే సంచీ అడుగు నుంచి తీసింది. సైలెంట్‌లో ఉంది. పదకొండు మిస్డ్ కాల్స్.

"స్కూల్లో కదే సైలెంట్ పెట్టమన్నాను! ఇది స్కూలా?"

"మళ్ళీ తియ్యమని నువ్వు చెప్పలేదు కదా మమ్మీ."

అంతే. నోరు నా చేతుల్లో లేకుండా పోయింది. ఏమన్నానో నాకే తెలీదు. నిన్ను కనడం నాదే తప్పన్నాను. ఆ సెల్లు కాలవలో పారేస్తానన్నాను. రేపటి నుంచి బడి మానేసి మేకలు కాసుకో అన్నాను, వట్లూరులో మేకలెక్కడున్నాయండీ! మెహరున్నీసా గారు మిషన్ ఆపి, "పోనివ్వండి టీచర్ గారూ, చిన్నపిల్ల కదా" అంటే, "మీరూరుకోండి!" అనేశాను. ఆ మాట మీరు నమ్ముతారా? ఆ బంగారం లాంటి మనిషిని!

నిజానికి అది కోపం కాదండీ. గంటన్నరసేపు బస్సులో కూడబెట్టుకున్న భయం. పిల్ల క్షేమంగా కనపడేసరికి అదంతా తిట్లయి బయటికొచ్చింది. మీ అందరికీ పిల్లలున్నారు, మీకు తెలుసు. పిల్లకి మాత్రం ఎలా తెలుస్తుంది? అది కిక్కురుమనకుండా సంచీ తీసుకుని మేడ మీదికెళ్ళిపోయింది. వెనక వసారాలో కూర్చుంది. ఏడుస్తోందేమో, ఏడవనీ, బుద్ధొస్తుంది అనుకున్నాను.

ఏడున్నరైంది. మా ఆయన అప్పుడే లంకల్లోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. నేను చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాను. సెల్లు మోగింది. లిస్టులో నా ముందింటి సుశీలక్క.

"వందనాలు సుగుణమ్మా. గొలుసులో ఒక మనవి వచ్చింది, రాసుకో. ఒక సహోదరి. విపరీతమైన కోపం. ఇంట్లో చిన్నపిల్ల ఉంది. తల్లి అరుస్తుంటే ఆ పిల్లకి కడుపులో వణుకొస్తోందట. ఆ తల్లి గొంతు తగ్గేటట్టు ప్రార్థన చెయ్యాలి."

నా ఒళ్ళు మండిపోయిందండీ! "ఎవరక్కా ఆ తల్లి?" అన్నాను.

"అడక్కూడదు కదమ్మా."

"అడక్కూడదనుకోండి, కానీ ఎవరు? ఆడదేనా అసలు? పసిపిల్ల వణికిపోయేలా అరుస్తుందా? నాకు పేరు చెప్పండి, నేను వెళ్ళి మాట్లాడతాను!"

"పేరు నాకూ తెలీదమ్మా. ప్రార్థన చేసుకో" అని పెట్టేసింది పాపం.

మా ఆయన్ని పిలిచాను. వసారాలోంచి గ్రేసీని కూడా పిలిచాను. "రావే, నువ్వు కూడా మోకాళ్ళేయి. ఎవరో నీలాంటి పిల్లే, వాళ్ళమ్మ అరుస్తుంటే కడుపులో వణుకొస్తోందట పాపం. చూశావా, లోకంలో ఎలాంటి తల్లులుంటారో! నువ్వెంత అదృష్టవంతురాలివో తెలుసుకో" అన్నాను. అది నా మొహంలోకి అదోలా చూసింది. వాళ్ళ నాన్న వంక చూసింది. ఆయన గోడ వంక చూశారు.

కళ్ళు మూసుకుని పెద్దగా ప్రార్థన అందుకున్నాను. ఎంత బాగా వచ్చిందో ఆ రోజు! ప్రభువా, ఆ రాతి గుండెని కరిగించు తండ్రీ, ఆ నోటికి తాళం వెయ్యి తండ్రీ, ఆ పిల్లని ఆ గయ్యాళి చేతుల్లోంచి కాపాడు తండ్రీ అన్నాను. కన్నీళ్ళొచ్చేశాయి నాకు. మధ్యలో కళ్ళు తెరిచి చూద్దును కదా, గ్రేసీ కళ్ళు ఇంతింత చేసుకుని నన్నే చూస్తోంది.

"ప్రార్థనలో కళ్ళు మూసుకోమని ఎన్నిసార్లు చెప్పాలే నీకు!" అని ఒక్క కేక వేశాను.

టక్కున మూసుకుంది.

ఆ తల్లి నా బుర్రలోంచి పోలేదండీ మూడ్రోజులు. బస్సులో, బండిలో, అన్నం తింటుంటే, ఆవిడే. శనివారం కూర్చుని, ముందే రాసుకున్న అయిదు పేజీల్లో మూడో పేజీ కొట్టేసి, అక్కడ ఆవిడ గురించి రాశాను. దీర్ఘశాంతానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరుకుతుందా? నాకోసమే వచ్చింది ఈ మనవి అనుకున్నాను. అక్కడ మాత్రం నేను కరెక్టే లెండి, నాకోసమే వచ్చింది.

ఆదివారం. తెల్లచీర కట్టాను. గుడి నిండిపోయింది. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు, సండేస్కూలు పిల్లలు ముందు చాపల మీద. మొదటి రెండు పేజీలూ ఎంత నెమ్మదిగా చెప్పానో! నా గొంతు నాకే తేనెలా వినపడింది. అయ్యగారు తలూపుతున్నారు. నా నోటి గురించి అన్నవాళ్ళెవరో ఉన్నారు కదా, వాళ్ళు చూడాలి అనుకున్నాను. మూడో పేజీ తిప్పాను.

"ఈ వారం మనందరికీ ఒక మనవి వచ్చింది. ఒక తల్లి గురించి" అన్నాను.

ఆడవాళ్ళందరూ సర్దుకుని కూర్చున్నారు. మరి ముప్పై ఆరు ఇళ్ళకీ అదే ప్రశ్న కదా, ఎవరావిడ అని. నేను అందుకున్నాను. ఇక ఆగలేదు. ఆ తల్లిని నిలబెట్టి కడిగేశాను. పిల్లలేమన్నా చీపురుకట్టలా విసిరికొట్టడానికి అని అడిగాను. బయట అందరితో అండీ అండీ అంటూ మెత్తగా మాట్లాడి, ఇంట్లో పులిలా విరుచుకుపడే ఆడవాళ్ళున్నారు మన మధ్య అన్నాను. ముందు బెంచీలో కరుణమ్మగారు దగ్గు మొదలుపెట్టారు. చేత్తో కిందికి, కిందికి అని సైగ చేశారు. మైకు ఎత్తుగా ఉందేమోనని మైకు దించుకున్నాను. ఆవిడ ఇంకా గట్టిగా సైగ చేశారు. ఇంకా దించుకున్నాను. నడుం వంచి మాట్లాడవలసొచ్చింది.

"ఆ సహోదరి ఈ గుడిలోనే ఉండొచ్చు. సిగ్గుపడొద్దు. ఒక్కసారి చెయ్యెత్తండి. అందరం ప్రార్థన చేద్దాం" అన్నాను.

ఎవరూ ఎత్తలేదు.

"ఎత్తండమ్మా."

లేదు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు.

నాకు కోపం వచ్చేసిందండీ. ఎంత పొగరు కాకపోతే! ఇంతమందిమి మోకాళ్ళు అరగదీసుకుంటే చెయ్యెత్తడానికి నొప్పా? "ఎత్తమంటుంటే మీక్కాదూ! పిల్ల మీద లేచే నోరు ఇప్పుడేమైంది? ఎత్తండి!" అన్నాను. మైకు కీచుమంది. వెనక ఎక్కడో పసిపిల్లాడు లేచి ఏడుపందుకున్నాడు.

అప్పుడు చాప మీద నుంచి మా గ్రేసీ లేచింది. బాత్రూముకేమో అనుకుని, ఆగమని కళ్ళతోనే చెప్పాను. ఆగలేదు. మెట్లెక్కి పీఠం మీదికొచ్చింది. నా పక్కన నిలబడింది. నా కుడిచెయ్యి పట్టుకుంది. పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, ఎంత ఎత్తుకి అందుతుందో అంత ఎత్తుకి పైకెత్తింది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదండీ! గుడిలో అందరికీ అర్థమైపోయింది, నాకు తప్ప. తర్వాత తల కొట్టేసినట్టయింది.

"ఎవరు చెప్పమన్నారే నీకు?" అన్నాను పళ్ళ బిగువున. మైకు నా నోటి దగ్గరే ఉందని మర్చిపోయాను.

"నువ్వే కదా మమ్మీ" అంది అది. మైకు దించాను కదా, దాని నోటికి కూడా సరిగ్గా అందింది. "భయమేస్తే ఒకటి నొక్కమన్నావు. ఒకటి నువ్వు. నువ్వంటేనే భయమేస్తే రెండే కదా నొక్కాలి?"

ఏడ్చే పసివాడు కూడా ఆపేశాడు. నేను దాని మొహం చూశాను. అల్లరి లేదండీ ఆ మొహంలో. చెప్పిన లెక్క చెప్పినట్టు చేసి, మార్కులెన్ని వస్తాయోనని టీచరు వంక చూసే పిల్ల మొహం. మెట్ల మీద ఏడ్చిన రోజు కూడా నాకంత కష్టం కలగలేదు. ఆ రోజు నేను లేకపోతేనే కదా పిల్ల భయపడింది. ఇప్పుడు నేనుంటే భయం. ఏదో అనాలని నోరు తెరిచాను. రాలేదు. నాకు మాట రాకపోవడం నా జన్మలో అదే.

ముందుగా ఎవరు నవ్వారో తెలీదు. సుశీలక్క అని నా అనుమానం. ఇక గుడంతా అందుకుంది. నవ్వొద్దని చెప్పాను కదండీ మీకు! సరోజగారూ, మీకే చెప్తున్నాను, టీ ఒలుకుతోంది!

పాపం అయ్యగారే లేచి వచ్చి మైకు అందుకున్నారు. "సహోదరి సుగుణమ్మగారు తన్ను తాను తగ్గించుకుని, ఇంత ధైర్యంగా అందరి ముందూ చెయ్యెత్తి సాక్ష్యమిచ్చారు" అన్నారు.

"నేనెక్కడ ఎత్తానండీ! అది ఎత్తింది!" అన్నాను.

"చూశారా, ఎంత తగ్గింపు" అన్నారాయన.

ఇంకా రెండు పేజీలున్నాయండీ నా ప్రసంగం! అసలు బాగున్నవే ఆ రెండూ! అడిగినవాళ్ళెవరు? అయ్యగారు అందర్నీ లేచి నిలబడి నావైపు చేతులు చాపమన్నారు. చాపారు. మూడొందల చేతులు. గ్రేసీ నా చెయ్యి వదల్లేదు, నేనూ దాన్ని వదల్లేదు. తల వంచుకుని నిలబడ్డాను, అంతకంటే ఏం చేస్తాను? అయ్యగారు తాపీగా, విడమర్చి, నా కోపం గురించీ, నా గొంతు గురించీ, నా నోటి గురించీ ఒక్కొక్కటే దేవుడికి చెప్పుకుని, చివరికి ఆమేన్ అన్నారు.

అందరూ ఆమేన్ అన్నారు. అందరి కంటే పైకి, గుడి రేకులు అదిరేటట్టు ఒక గొంతు వినపడింది, మగవాళ్ళ వైపు ఆఖరి బెంచీలోంచి. ఎవరా అని తలెత్తి చూశాను. మా ఆయన. పదకొండేళ్ళ కాపురంలో ఆ మనిషి గొంతు అంత గట్టిగా వినడం నాకదే మొదటిసారి.